వేరు పట్టిన థైమ్ కొమ్మ

సుశీలా,

బాగున్నావా అని అడగాలనే ఉంది... నువ్వు వెళ్ళిపోయి ఆరు నెలలైంది.

నేను స్టీలు ప్లాంటు నుంచి రిటైరయ్యాను. సెక్టార్‌లో మన క్వార్టర్ అప్పగించి, కోహ్కాలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. నీ థైమ్ మొక్క సంగతి చెప్పాలి. కోప్పడకు.

దుర్గ్ నర్సరీ నుంచి దాన్ని తెచ్చిన రోజు, ఈ గడ్డి ఎందుకన్నాను. "గడ్డి కాదండీ బాబూ, సూపుల్లో ఏసే ఆకు. నలిపి చూడండి, ఏటి వాసనో మీరే చెప్తారు" అన్నావు. వాము అన్నాను. ఎంత నవ్వావో...

నువ్వు పోయాక రోజూ పొద్దున్నే దానికి చెంబెడు నీళ్ళు పోసేవాణ్ణి. నీకోసం చేయగలిగింది అదొక్కటే అనిపించేది. వానాకాలమని కూడా చూడలేదు. "దానికి దాహం తక్కువండి, మన్ను ఎండితేనే పొయ్యండి" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు? దసరా నాటికి సగం మొక్క నల్లబడి కుళ్ళిపోయింది. పెరటి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. నిన్ను సాగనంపిన రోజు కూడా అంత ఏడవలేదు... ఎందుకో?

పచ్చగా మిగిలిన వైపు బెత్తెడు కొమ్మలు కత్తిరించి, కింది ఆకులు దూసి, ఇసుకలో గుచ్చాను. ఒక్కటీ బతకలేదు. క్వార్టర్ ఖాళీ చేసే గడువు దగ్గరపడుతోంది. ముదిరిన మొదలు, తవ్వి తీస్తే నిలవదు.

పక్కింటి దీదీకి పిల్లమొక్క చేసిస్తూ నువ్వన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "కొమ్మని తెంపకూడదండి. నేలకి ఒంచి, మన్ను కప్పి, రాయెట్టాల. తల్లిని ఒగ్గకుండానే ఏరేసుకుంటాది."

అలాగే చేశాను. వేలితో తడి చూసుకుని మరీ నీళ్ళు చిలకరించాను. నెలన్నర తర్వాత కొమ్మని మెల్లగా లాగితే రాలేదు! మన్ను తొలిస్తే దారాల్లాంటి తెల్లటి వేళ్ళు. నీకు చూపించాలని వెనక్కి తిరిగాను...

తల్లి నుంచి దాన్ని కోసి, వేళ్ళు కదలకుండా మన్నుతో సహా తీశాను. పాత మొదలు మరో వారానికే ఎండిపోయింది.

ఇక్కడ ఎండ తగిలే మెట్టు మీద కుండీలో పెట్టాను. చిగుళ్ళేసింది. నిన్న రెండు రెమ్మలు తుంచి చికెన్ సూపులో వేశాను. ఉప్పెక్కువైంది. కానీ నువ్వెప్పుడూ అడుగుపెట్టని వంటింట్లో నీ వంట వాసన... ఆకలి లేకపోయినా రెండోసారి పోసుకున్నాను.

ఎండలు ముదిరేలోగా మరో కొమ్మ వంచుతాను. అది కుదురుకోగానే మన పాత క్వార్టర్ గేటు తడతాను. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళెవరో తెలియదు. అయినా నువ్వు ఇన్నేళ్ళు తిరిగిన పెరట్లో దాన్ని నాటి, నీళ్ళు ఎప్పుడు పోయకూడదో చెప్పి వస్తాను.

నీ
సూర్యం