రూట్ పాస్‌వర్డ్ మరచిపోయిన వారం

మార్చి 3, మంగళవారం

రూట్ పాస్‌వర్డ్ పడలేదు. మూడుసార్లు కొట్టాను. క్యాప్స్ లాక్ చూసుకున్నాను. కీబోర్డు మార్చి కొట్టాను. తప్పంటుంది, అంతే.

ఎనిమిదేళ్ళుగా మా బ్లడ్ బ్యాంకు సర్వర్ నా చేతిలో ఉంది. ఏ బ్యాగు ఏ గ్రూపు, ఎవరి రక్తం ఎవరికి పడదు, అరుదైన గ్రూపుల దాతల ఫోన్ నంబర్లు, అన్నీ ఆ లినక్స్ పెట్టెలోనే. దాని మొత్తానికి తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, బ్లడ్ బ్యాంకు చూసుకునే డాక్టరమ్మ. మూడు నెలలకోసారి నేను మారుస్తాను, ఆమెకు చెబుతాను.

ఆమెను అడిగాను. తను దాని జోలికే పోలేదన్నారు. నెలాఖరులో నువ్వే మార్చి ఉంటావు, నిదానంగా గుర్తు తెచ్చుకో అన్నారు.

మార్చినట్టు గుర్తు లేదు.

ఈ వాక్యం రాసి దాని వంకే చూస్తూ కూర్చున్నాను. అమ్మకు మతిమరుపు మొదలైంది యాభై రెండో ఏట. నాకిప్పుడు యాభై రెండు.

మార్చి 4, బుధవారం

డిస్కు తొంభై ఏడు శాతం నిండింది. పాత ఫైళ్ళు తీసేయాలన్నా, బ్యాకప్ ఎక్కించాలన్నా రూట్ కావాలి. ఈ లెక్కన ఆదివారానికి నిండిపోతుంది. ఆ తర్వాత కొత్త బ్యాగు ఒక్కటి కూడా ఎంట్రీ కాదు. చేత్తో పుస్తకాల్లో రాసుకునే రోజుల్లో ఒకసారి బ్యాగు నంబరులో ఒక అంకె తారుమారైంది. మంచం పక్కనున్న నర్సు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే మనిషి పోయేవాడు. అతని ముఖం ఇంకా నా కళ్ళముందే ఉంది. అది మాత్రం మరిచిపోలేదు.

గుర్తున్న పాత పాస్‌వర్డులన్నీ కొట్టాను. ఒక్కటీ పడలేదు.

అక్కకు ఫోన్ చేసి, అమ్మకు మొదట్లో ఏం జరిగిందని అడిగాను. చెప్పిన మాటే చెప్పేదట. అలా అన్నావు కదా అంటే, అనలేదని పోట్లాడేదట. ఎందుకే ఇప్పుడు అడుగుతున్నావంది. ఊరికే అన్నాను.

మా ఆయనకు చెప్పలేదు. పొద్దున పాలు పొంగిపోయేదాకా చూసుకోలేదని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 5, గురువారం

లిఫ్టులో ఏ అంతస్తు నొక్కాలో ఒక్క క్షణం తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం

ఇక లాభం లేదని, మొదట్లో మాకు ఆ సర్వర్ పెట్టిచ్చిన మాస్టారికి ఫోన్ చేశాను. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. పాస్‌వర్డ్ పోతే పెట్టె పోదమ్మా అన్నారు. మెషీన్ ఎదురుగా కూర్చోగలిగితే చాలట, కొత్తది పెట్టుకోవచ్చట. కానీ ఒకసారి ఆపి, మళ్ళీ లేపాలి. ఎనిమిదేళ్ళ డిస్కు, ఆపితే లేస్తుందా అని అడిగాను. ఆ మాట మాత్రం ఆయన ఇవ్వలేకపోయారు.

ఆపడానికి పర్మిషన్ కోసం డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఎందుకు ఆపాలని అడిగారు. పాస్‌వర్డ్ సంగతి మంగళవారమే చెప్పాను కదా. లేక, చెప్పాననుకుంటున్నానా?

మార్చి 6, శుక్రవారం, ఉదయం 6.20

నిన్న డాక్టరమ్మ చివరికి సరేనన్నారు. దాతలు రాకముందే వచ్చాను. మాస్టారి మాటలు కాగితం మీద రాసుకున్నాను. స్విచ్ నొక్కబోతున్నాను.

ఉదయం 7.10

అయింది.

మెషీన్ లేచేటప్పుడు వచ్చే మెనూలో e నొక్కాను. linux అని మొదలయ్యే లైను చివర init=/bin/bash అని చేర్చాను. పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిచ్చింది. ఇన్నేళ్ళూ ఇంత తేలికగా ఎవరైనా వచ్చి ఉండొచ్చన్నమాట.

కొత్త పాస్‌వర్డ్ పెడితే ఎర్రర్. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్రర్. డిస్కు పోయిందనుకుని కుర్చీలో కూలబడ్డాను. తీరా చూస్తే కాగితంలో ఒక లైను వదిలేశాను. ఈ దారిన లోపలికొస్తే డిస్కు చదవడానికే తెరుచుకుంటుంది, ముందు దాన్ని రాయడానికి వీలుగా మార్చుకోవాలి. మార్చాను. ఈసారి తీసుకుంది. రీస్టార్ట్ కొట్టాను. నల్ల స్క్రీన్. నలభై దాకా లెక్కపెట్టుకున్నాను. లాగిన్ వచ్చింది. దాతల లిస్టు తెరిచి చూశాను, అందరూ ఉన్నారు. ఏడ్చాను.

ఉదయం 10.40

ఎవరెప్పుడు ఏం చేశారో సర్వర్ రాసిపెట్టుకునే పాత లాగ్‌లు తీసేసే ముందు, నేను ఎప్పుడు మార్చానో చూద్దామని వెతికాను. ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 3.12. రూట్ పాస్‌వర్డ్ మార్చబడింది.

ఆ మధ్యాహ్నం నేను పన్ను పీకించుకుని ఇంట్లో పడుకున్నాను.

లాగిన్ పేరు డాక్టరమ్మది.

మార్చి 7, శనివారం

మొదట ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, సంతోషించాను కూడా. భోజనాల వేళకు మళ్ళీ భయం పట్టుకుంది. ఎవరి రక్తం ఎవరికి ఎక్కించాలో, ఆ చివరి సంతకం ఆమెది.

మార్చి 9, సోమవారం

ఆ లైను ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివారు.

"ఇది నా లాగిన్నే."

"అవునండీ."

"నాకేం గుర్తు లేదు." కాగితాన్ని నిదానంగా మడిచారు. "ఇన్నాళ్ళూ మరిచిపోయింది నువ్వేననుకున్నావా?"

తలూపాను.

"నా మతి మీద నాకు అనుమానం వచ్చి ఆరు నెలలైంది. నువ్వు మరిచిపోయానంటే కాస్త హాయిగా అనిపించింది. నేనొక్కదాన్నే కాదని."

ఆమె టేబుల్ మీదున్న, ఎవరి రక్తం ఎవరికి సరిపోతుందో చూసే క్రాస్‌మ్యాచ్ కాగితాలన్నీ నా వైపు జరిపి, చిన్న డాక్టరుగారికి ఇవ్వమన్నారు. ఇక తను సంతకం చేయనన్నారు. ఆరు నెలల సంతకాలూ తిరిగి చూడమన్నారు.

మార్చి 20, శుక్రవారం

అన్నీ చూశాం. ఒక్క తప్పూ లేదు.

జూన్ 14, ఆదివారం

డాక్టరమ్మ ఇంటి నుంచి ఫోన్ చేశారు. పాస్‌వర్డ్ పడటం లేదన్నారు.

ఏ కంప్యూటరుకండీ అని అడిగాను.

వీధి తలుపుకన్నారు.

వస్తున్నానండీ, అక్కడే కూర్చోండి అన్నాను.