కాటాకి వేలాడదీసిన మూడు సంచులు

అమ్మా, అందరం క్షేమం. నువ్వు బెంగపడుతున్న సంగతి ముందే చెప్పేస్తాను: నాన్నా నేనూ మళ్లీ మాట్లాడుకుంటున్నాం.

సమానత్వం గురించిన నా కరపత్రాలను ఆయన చిత్తుకాగితాలన్నప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు కదా. అడవులు చూడ్డానికొచ్చి మొదటి నేషనల్ పార్కంతా తిరిగినా, ఒకరి మాట ఒకరికి చెల్లే మోసింది. నిన్న రెండో పార్కులో కొండెక్కే ముందు, శ్రమ అందరికీ సమానంగా ఉండాలని, మూడు సంచులనూ కాటాకి వేలాడదీసి ఒకే బరువుకి తెచ్చాను. “అన్నయ్యా, ఆ కరపత్రం రాసినాయన ఎప్పుడైనా కొండెక్కాడా?” అంది చెల్లి. కసిరాను.

పైకి చేరి గుడారం వేద్దామని చూస్తే, నా సంచిలో ఉండాల్సిన కడ్డీలూ, చెల్లి సంచిలోని గిన్నెలూ నాన్న సంచిలోంచి బయటికొచ్చాయి. దారిలో మేం నీళ్లకు ఆగినప్పుడల్లా చడీచప్పుడు లేకుండా మార్చేశారట. సంచి తేలికైతే, నాకు నడక అలవాటైందనుకున్నాను! ఒళ్లు మండి, “సమానమంటే సమానమే!” అని అరిచాను. “సంచుల్ని తూచావు సరే, మనుషుల్ని తూచావట్రా?” అని ఆయనా అరిచారు. పొద్దుగూకేదాకా వాదించుకున్నాం. పక్క గుడారంవాళ్లు సర్దిచెప్పడానికి వచ్చి, టీ తాగి వెళ్లారు.

ఆయన మాటలో న్యాయం ఉంది. ఆయనతో అనకు. ఇవాళ గుడారం మొత్తం నేనే మోశాను.

అక్క కాళ్ల వాపు తగ్గిందా? పురుడు వచ్చేలోపు చేరిపోతాం. నా మంచం కింది కట్టలు పాత పేపర్లవాడికి వేయకు.

నాన్న ఈ ఉత్తరంలో తనకూ కాస్త చోటు కావాలంటున్నారు. సగం ఇవ్వను గానీ, ఈ మూల ఆయనకి వదులుతున్నాను.

వీడు బాగా నడుస్తున్నాడు. అరుపులు కూడా బాగున్నాయి. పెద్దదానికి నా ఆశీస్సులు చెప్పు.