వేడి దిగని సముద్రం

చిరంజీవి పెద్దోడిని అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి గానీ చేతులాడటం లేదు. నేనూ నీ తమ్ముడూ ప్రాణాలతో ఉన్నాం. ఆ ఓడ వంటగదిలో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

భూమి ఒక పక్కకు వాలి తిరుగుతుంది కాబట్టి సూర్యుడు దక్షిణాన మీ ఓడ వైపు మొహం చాటేసి మా నెత్తిన కూర్చున్నాడని రాశావు. కూర్చున్నాడయ్యా, మాడ్చి వదిలాడు! ఎండలు తగ్గాయి కదా, నీళ్లు చల్లబడ్డాయా అని అడిగావు. లేదు. పొద్దున్నే వలలు కడగడానికి దిగితే మడమల పగుళ్లు చలికి చురుక్కుమనాలి. నీళ్లేమో స్నానానికి కాచినట్టున్నాయి. నేల తొందరగా చల్లారుతుంది గానీ సముద్రం ఎండను మెల్లగా తాగి మెల్లగా కక్కుతుందనీ, ఆ వేడే తుఫానుకు మేత అనీ నువ్వు రాసింది గుర్తొచ్చి వలలు కడగకుండానే ఒడ్డుకొచ్చేశాను.

పైనీళ్లు కాగి చేపలు లోతుకు పోయాయి. పడవలు ఇంకా దూరం పోతున్నాయి. రేవులో ప్రమాద జెండా ఎగరేశారు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే తమ్ముడు నవ్వాడు. "కిందటిసారీ ఎగరేశారు, ఆకైనా కదిలిందా? అన్నయ్య అక్కడ గరిటె తిప్పుతూ ఇక్కడి గాలి సంగతి చెబుతాడా?" అని పడవ వైపు నడిచాడు.

తలుపు మీద పడి చెయ్యి విరిగిందని వాడు నీకు రాశాడట. అబద్ధం. నేనే విరగ్గొట్టాను. అడ్డం నిలబడితే తోసేశాడు, ఇసుకలో పడ్డాను. లేచి తెడ్డు అందుకుని మోచేతి మీద ఒక్కటి వేశాను. ఎముక పటుక్కుమన్నది. అయినా ఆగలేదు, ఇంకొకటి వేశాను.

"అమ్మా, చంపేస్తావా!"

"చస్తే నా చేతిలో చావు. ఆ సముద్రానికి మాత్రం ఇవ్వను."

వాడి చోట పక్కింటి పొడుగోడు పడవెక్కాడు.

మర్నాడే తుఫాను వచ్చిపడింది. ఇంటి కప్పుల రేకులు కత్తుల్లా ఎగిరాయి. మా కళ్లముందే ఒక కుక్క రెండు ముక్కలైంది. సముద్రం వీధిలోకొచ్చి గోడలను గుద్ది కూల్చింది. ఐస్ ఫ్యాక్టరీ మెట్ల మీద తమ్ముణ్ని నడుముకు కట్టుకుని కూర్చున్నాను. గాలి తగ్గాక పడవ ముక్కలు ఒడ్డుకొచ్చాయి. వల చుట్టుకుని పొడుగోడూ వచ్చాడు. మొహం లేదు. బెల్టు చూసి పెళ్ళాం గుర్తుపట్టింది.

ఆ పిల్ల ఏడవలేదు. తిన్నగా మా ఇంటికొచ్చి నా జుట్టు పట్టుకుని తల మిగిలిన గోడకేసి కొట్టింది. నేను చెయ్యెత్తలేదు. తమ్ముడే ఒంటిచేత్తో విడిపించాడు. అప్పుడడిగింది.

"తెడ్డు నీ చేతిలోనే ఉంది కదా అత్తా. మావాడు ఎక్కుతుంటే ఊరికే చూశావేం?"

దానికేం చెప్పాలో నువ్వైనా రాయి నాయనా. రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుంటోంది.

ఇట్లు,
మీ ఇద్దరికే అమ్మ