జనార్దన్‌కు పెట్టవలసిన కేకు

నవంబరు 12, 2006. ఆదివారం

ఈ విడత కూడా రాళ్ళే. వీధి కుక్క వాసన చూసి పక్కకు పోయింది.

అనసూయ వంటింటి గుమ్మంలో నిలబడి — "ఈ వయసుల మొగోళ్ళు పేపర్ చదువుకుంటరు. మీరేందో గుడ్లు గిలకొడుతున్రు." నలభై ఆరేళ్ళ కాపురంలో నేను పొయ్యి దగ్గర కూర్చోవడం ఇదే మొదలు. వింతగానే ఉంటుంది.

నెట్ సెంటరులో అచ్చు తీయించిన కాగితం గోడకు అంటించాను. ఫ్రెంచి వాళ్ళ చిన్న కేకులు, టీ రుచితో. ఆల్చిప్ప అచ్చుల్లో పోస్తారట. నాకు గుంతపొంగనాల పెనం ఉంది, చాలు. కింద బొగ్గుల కుంపటి, పైన మూకుట్లో నిప్పులు. ఈ కొత్తగూడెంలో నిప్పుకు కొదవ లేదు.

కేకు నడుమ బొడిపె లేవాలట. లేస్తేనే అసలుదట. నావి బల్లపరుపు.

నవంబరు 14

తప్పు దొరికింది. ఇన్నాళ్ళూ పాలల్లో అల్లం దంచి వేసి, టీ మరగబెట్టి, ఆ టీనే పిండిలో పోస్తున్నాను. మనకు టీ అంటే పాలే. కాగితంలో పాల ఊసు లేదు! కరిగించిన వెన్నలో టీ పొడి వేసి, మూత పెట్టి ఉంచి, వడగట్టాలి.

వాళ్ళ టీకి ఏదో నారింజ జాతి వాసన ఉంటుందట. దబ్బకాయ తొక్క తురిమాను. చాలా దగ్గరగా వచ్చి ఉండాలి. ఎవరు చెప్పొచ్చారు? ఈ ఊళ్ళో తిన్నవాడు లేడు. తిన్నట్టు మాట్లాడినవాడు మాత్రం ఒకడున్నాడు.

నవంబరు 17

గుడ్లు కూడా. సంతలో కోయ ఆడవాళ్ళ దగ్గర నాటుగుడ్లే కొంటాను. ఫారం గుడ్డు గుడ్డే కాదని ఎన్నేళ్ళుగానో అందరితో వాదిస్తున్నాను. కాగితం రాసినవాడు పెద్ద గుడ్లు మూడన్నాడు. నేను నాటుగుడ్లు మూడు కొట్టాను. పిండి పొడిబారక ఏం చేస్తుంది... ఐదు కొట్టాను. మెత్తబడింది.

నవంబరు 19. ఆదివారం

లేచింది. నడుమ బొడిపె. పన్నెండింటిలో తొమ్మిదింటికి. అంచు గోధుమరంగు, లోపల స్పాంజి. ముందు వెన్న, తర్వాత దబ్బ, చివర నాలుక మీద టీ వగరు.

అనసూయ ఒకటి కొరికి — "బానే ఉంది గని, ఎవరి మీద కోపంతోటి చేస్తున్నరు ఇవి?"

తెలిసి అడుగుతుంది.

ఎప్పటిదో మాట. మా సాహితీ మిత్రుల లిఖిత పత్రికకు ఇంగ్లీషు నుంచి ఒక ఫ్రెంచి కథ తెచ్చాను. యుద్ధానికి పోయే కొడుక్కి తల్లి ఇలాంటి కేకులు మూటగట్టి ఇస్తుంది. మన పాఠకుడికి అందాలని 'బన్ను' అని రాశాను. ఇప్పుడు రాసినా అదే రాస్తాను. డిగ్రీ కాలేజీ లెక్చరర్ జనార్దనరావు లేచి, నిండు సభలో — "మన సారు కేకు మొహం చూసిన పాపాన పోలే. ఫ్రాన్సు దేశపు సిపాయి తోటి బోనకల్ స్టేషన్ల బన్ను తినిపిచ్చిండు!" చప్పట్లు. ఆ రోజు నుంచి నేను బన్ను సారును. హైస్కూల్లో పిల్లలు నా వెనకాల అరిచేవాళ్ళు. నా రిటైర్మెంటు సభలో హెడ్మాస్టరు మైకులో అదే పేరుతో పిలిచి, తర్వాత నాలుక కరుచుకున్నాడు. ఆ కథ తర్వాత నేను ఇంకొకటి అనువదించలేదు. అది మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

డిసెంబరు మొదటి ఆదివారం సాహితీ మిత్రుల సమావేశం మా ఇంట్లో. టిఫిను ఇంటివాళ్ళదే, ఆనవాయితీ. పళ్ళెంలో ఇవి పెడతాను. జనార్దన్ తింటాడు. ఇదేంది సారూ అని అడుగుతాడు. అప్పుడు చెప్తాను. అంతే.

నవంబరు 26

అనసూయ మార్కెట్ నుంచి వార్త తెచ్చింది. జనార్దన్ నెల కిందటే మాల వేసుకున్నాడట. అయ్యప్ప మాల.

ఒకప్పుడు దేవుడు లేడని గోడల మీద రాసినవాడు! నల్లబట్టలు, గడ్డం, చెప్పుల్లేని కాళ్ళు. ఇప్పుడు వాణ్ణి నేను స్వామీ అని పిలవాలి. దీక్షలో ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు. వాడూ నన్ను స్వామీ అంటాడు.

దీక్షలో గుడ్డు ముట్టడు.

నవంబరు 28

గుడ్డు లేకుండా చేశాను. పెరుగు, సోడా. తడి మట్టి ముద్ద. ఇది పెడితే వాడికి ఇంకో ముప్ఫై ఏళ్ళకు సరిపడా మాట దొరుకుతుంది.

నవంబరు 30

గుడ్డువే పెడతాను. చెప్పను. నాకు దేవుడు లేడు, దీక్ష లేదు. తిన్నాక చెప్తాను.

పైకే అన్నానేమో. అనసూయ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా — "వాళ్ళామెకు పెద్ద ఆపరేషన్ అయింది. దవాఖానాల నెల రోజులుంది. మొక్కుకుండు, అందుకే ఏసుకుండు. మీరు గిట్ల చేస్తే ఆమెకు తగుల్తది."

"గుడ్డుకీ ఆపరేషన్‌కీ ఏమిటి సంబంధం?"

"ఏం లేదు. ఆయన ఉన్నదనుకుంటుండు కదా."



డిసెంబరు 3. ఆదివారం

ముందు సంగతులు ముందు. ఏడుగురు వచ్చారు. జనార్దన్ అందరికంటే చివర, నల్ల పంచె, తన గ్లాసు తనే తెచ్చుకున్నాడు. చిక్కాడు. "స్వామి శరణం, సారూ." నేను స్వామీ అన్నాను. నోరు వంకర పోలేదు.

పళ్ళెం తెచ్చాను. హోమియో డాక్టరు మోహన్ రెండు నోట్లో వేసుకుని — "మెత్తటి ఉస్మానియా బిస్కెట్ లెక్కుంది సారూ! ఏ బేకరీ?" మూడు వారాల పని. ఉస్మానియా బిస్కెట్.

"ఇంట్లో చేసినవి," అన్నాను.

ఆ మాటకు జనార్దన్ చెయ్యి చాపాడు. "ఇంట్ల చేసిందంటే ఇంక భయమేంది స్వామీ. బేకరీదయితే ముట్టకపోదును." గుడ్డు గురించి అడగనే లేదు. మన ఇళ్ళల్లో తీపి వండితే గుడ్డు పడదు. ఏ అమ్మ అరిసెల్లో గుడ్డు కొట్టింది? అబద్ధం చెప్పే పని కూడా లేకుండా పోయింది. ఊరికే ఉంటే చాలు.

కేకు పెదాల దాకా పోయింది. వాసన పీల్చాడు. "దబ్బకాయనా?" అన్నాడు. ఒక్కడే కనిపెట్టాడు.

"గుడ్డుంది," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. దయ కాదు. అది మాత్రం రాసి పెట్టాలి.

కేకు పళ్ళెంలో పెట్టేశాడు. వెళ్ళి పెరట్లో చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి వచ్చాడు. కూర్చున్నాడు. నవ్వాడు. "బతికిచ్చినవ్ స్వామీ. అయినా మా బన్ను సారు కేకు చేసుడేంది? ఆ సిపాయి బన్ను కథ యాదికుందా మీకు?" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు, బోనకల్ స్టేషన్‌తో సహా. కొత్తగా చేరిన ఇద్దరికి అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలుసు. మోహన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

ఇవి ఆ కథలోవే అని నేను చెప్పలేదు. తినని కేకు గురించి ఏం చెప్తాం.

అనసూయ గ్లాసులు తీసింది. రాత్రి అన్నంలోకి పప్పు ఎక్కువ నెయ్యితో పెట్టింది.

డిసెంబరు 5

ఊరుకున్నా సరిపోయేది.

డిసెంబరు 11

ఇరుముడి కట్టారట. జనార్దన్ శబరిమల బండి ఎక్కాడు. వాళ్ళామె లేచి తిరుగుతోందట. అనసూయ పళ్ళు తీసుకుని చూసి వచ్చింది. నేను పోలేదు.

డిసెంబరు 16

కాగితం గోడ మీంచి తీశాను. అవసరం లేదు, చేతికి వచ్చేసింది. చేయడం మాత్రం మానలేదు. నాకోసమే. సాయంత్రం రెండు, టీతో. పగ లేకుండా తింటే పంచదార కొంచెం ఎక్కువనిపిస్తోంది. తగ్గించాలి.

డిసెంబరు 20. బుధవారం

జనార్దన్ వచ్చాడు. ఇప్పుడే. మాల తీసేశాడు, గడ్డం లేదు, బొగ్గు లారీల రోడ్డు మీద ఇంత దూరం నడిచి వచ్చాడు. గేటు దగ్గరి నుంచే — "సారూ, నా కేకేది? కొండ ఎక్కినంత సేపు అదే యాది. అయ్యప్ప కంటె ఎక్కువ అదే కనపడ్డది, పాపం తగుల్తదేమో."

"లేవు," అన్నాను. "పెనం పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు."

ఆ రోజు నోటికి రాని అబద్ధం ఇవాళ ఎంత సులువుగా వచ్చింది!

వంటింట్లో కుంపటి మీద పన్నెండు ఉన్నాయి. పైన నిప్పులు. దబ్బ వాసన వరండా దాటి గేటు దాకా వస్తోంది. వాడు ముక్కు ఎగబీల్చాడు. నా మొహం చూశాడు. చెప్పులు విడిచి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అనసూయ టీ ఇచ్చింది. "కూసో అన్నా, వస్తరు" అంది. ఎవరు వస్తారో, ఏమి తెస్తారో చెప్పలేదు.

నేను ఈ గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను. వాడు టీ తాగడం లేదు. పట్టుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచే, గొంతు పెంచకుండా — "సారూ... ఆ కథల సిపాయి వాపస్ వస్తడా? మర్చిపోయిన."

కథంతా గుర్తున్నట్టు ఇన్నేళ్ళు ఎగతాళి చేసి...

పెనం ఇప్పుడు దించకపోతే కేకుల అడుగు మాడుతుంది. అనసూయ దించదు. నాకు తెలుసు, ఆమె దించదు.