జాకెట్టు కుడి చెయ్యి

అమ్మా, మెదక్‌లో నేను బాగున్నాను; నీకు ఫోన్‌లో వినబడదని కార్డు రాస్తున్నాను.

నిన్న టైలర్ షాపులో ఒకే పనికి నాకూ, చాంద్ బీ అనే పెద్దావిడకూ పరీక్ష పెట్టారు. ఒకే జాకెట్టుకు ఆమె కుడి చెయ్యి, నేను ఎడమ చెయ్యి కుట్టాము. మాస్టర్ కుడిది నాదనుకొని, "గీ చెయ్యి మస్తు కుదిరింది, రేపట్నుంచి నువ్వే రా" అన్నాడు. ఆమె నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. బయటికి వచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగితే, "నాకు ఇంట్ల మిషనుంది బిడ్డా, నీకు అదిగూడ లేదంటివి గదా" అన్నది.

తమ్ముడి దగ్గు తగ్గిందా? నా కత్తెర పంపు, ఇంకో షాపులో అడుగుతాను. ఈ కార్డు డబ్బాలో వేసి మాస్టర్ దగ్గరికే పోతున్నాను. నాన్నకు దండాలు. మన టేక్మాల్‌లో ఎవరైనా అడిగితే, పని చాంద్ బీకి దొరికిందని చెప్పు.

నీ బిడ్డ,
స్వరూప