ఎడమ మీట, కుడి చెయ్యి

అసుబోని, సోమవారం

చిరంజీవి సెర్వాకు మేనమామ అసియామా దీవించి రాసేది. ఫోన్ చేస్తే సగం మాటకే నవ్వేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

కుమాసీ పట్నంలో నీ దుకాణం నుంచి పంపిన సామానంతా బిగించి డ్రోన్ తయారుచేశాను. వరి పాలు పోసుకుంటోంది, పిట్టలు మందలుగా దిగుతున్నాయి. ఈసారి ఒక్క గింజ పోనివ్వనని ఊరిపెద్ద నానా గారి ముందు నోరు జారాను.

తీరా చూస్తే నీ మోటార్లలో రెండు కుడికి తిరుగుతున్నాయి, రెండు ఎడమకి! ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి. వరుసలో సగంమంది అటూ సగంమంది ఇటూ తిరిగితే ఊరుకుంటానా? తీగలు మార్చి నాలుగింటినీ ఒకే దారిలో పెట్టాను. ఇప్పుడది నేల మీదే గిరగిర తిరుగుతోంది.

ఇట్లు, మామయ్య

తా.క. మీ అత్తయ్య పొకువా, ఫుఫూ ముద్దకి దుంపలు దంచడం మానేసి మరీ నవ్వుతోంది.

కుమాసీ, బుధవారం

మామయ్యకి సెర్వా నమస్కారాలు.

అవి బడిపిల్లలు కావు మామయ్యా! ఎదురెదురు మూలల్లోని మోటార్లు ఒకలా, పక్కపక్కవి వేరేలా తిరగాలి. తీగలు మళ్ళీ మార్చండి. రెక్కలు ఊడదీసి పరీక్షించి, సరిగ్గా తిరిగితేనే మళ్ళీ బిగించండి.

రిమోట్‌లో ఎడమ మీటని కిందికి, కుడి మూలకి లాగి పట్టుకుంటే మోటార్లు మొదలవుతాయి. దాన్నే పైకి తోస్తే డ్రోన్ లేస్తుంది. కుడి మీటతో దారి తిప్పాలి.

మీ సెర్వా

తా.క. నేను నవ్వలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళు నవ్వారు.

అసుబోని, శనివారం

అమ్మాయి సెర్వాకు ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నానా గారు, పెద్దలు అంతా వచ్చి కూర్చున్నారు. మీట పైకి తోశాను, లేచింది, చప్పట్లు కొట్టారు. పొలం వైపు తిప్పుదామని కుడి మీట అందుకునేలోగా అది బడి కప్పు దాటిపోయి, వెనక్కొచ్చి నానా గారి గొడుగు మీద పడింది. తప్పంతా నీ రిమోట్‌దే. ఒక మీట వదిలి ఇంకోటి పట్టుకునే వ్యవధి కూడా ఇవ్వదు!

వచ్చే శుక్రవారం దాకా గడువిచ్చారు. ఆలోగా పిట్టలు పోకపోతే పొలంలో డబ్బా వాయించే పని నాదేనట. నా దగ్గర చదువుకున్నవాళ్ళందరి ముందూ!

మామయ్య

తా.క. నానా గారికేమీ కాలేదు. గొడుగుకి అయింది.

కుమాసీ, సోమవారం

మామయ్యకి నమస్కారాలు.

ట్రోట్రో వ్యాను డ్రైవరు చేతికి కొత్త రిమోట్, నాలుగు రెక్కలు ఇచ్చి పంపాను. అన్నీ నేనే పరీక్షించాను. కానీ ఒక మీట వదిలి ఇంకోటి పట్టుకోవడం ఏమిటి మామయ్యా? మీకు రెండు చేతులున్నాయిగా?

సెర్వా

తా.క. గొడుగు కూడా పంపాను.

అసుబోని, ఆదివారం

తల్లీ సెర్వా,

చేతులు రెండే. కానీ పెద్దల ముందు ఎడమచెయ్యి చాపుతారటే ఎవరైనా? కుమాసీ వెళ్ళి మర్యాద మరిచిపోయావు. నా ఎడమచెయ్యి మొదటినుంచీ వీపు వెనకాలే ఉంది.

గురువారం కూడా నానా గారి ముందు అలాగే తంటాలు పడుతుంటే మీ అత్తయ్య వచ్చి, "జరగండి" అంటూ నాకు ఎడమపక్కన నిలబడి, తన కుడిచేత్తో ఎడమ మీట పట్టుకుంది. లేపడం, దించడం ఆవిడ పని. తిప్పడం నా పని.

"ఇంకా పైకి లేపవే!"

"ముందు మీరు తిప్పండి, తాటిచెట్టు కనబడట్లేదా!"

ఇలా అరుచుకుంటూనే పొలమంతా తిప్పాం. ఒక్క పిట్ట మిగల్లేదు. నానా గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

మామయ్య

తా.క. ఇది నేను, అత్తయ్యని రాస్తున్నాను, కవరు అతికించే పని నాకే పడింది. ఆ రోజే బ్యాటరీ ఉబ్బిపోయింది. మూడు రోజులుగా డ్రోన్ గట్టు మీదే ఉంది. నువ్వు పాడుచేశావని ఆయన, మీరే పాడుచేశారని నేను, దాని పక్కనే నిలబడి అరుచుకుంటున్నాం. అది ఎగరకపోయినా ఒక్క పిట్ట వాలడం లేదు! డ్రోన్‌ని చూస్తేనే వాటికి భయమని మీ మామయ్య మురిసిపోతున్నారు; అవి మా అరుపులకే పారిపోతున్నాయని నేను చెప్పలేదు. పొద్దున్నే నన్ను చెయ్యి పట్టుకుని మరీ పొలానికి తీసుకెళ్తున్నారు. అందుకని కొత్త బ్యాటరీ కోతలయ్యాకే పంపు.