మొదటి కార్డు

హఫీజ్‌పేట్, 4 జనవరి 1999

ప్రియమైన తమ్ముడు మహేశ్‌కు,

నాయిన దగ్గు తగ్గిందా? నీ కార్డు మీద ఎవరో చాయ్ ఒలకబోశారు, సగం అక్షరాలు కనబడలేదు. మా హాస్టల్ ఫోనేమో మూగనోము పట్టింది.

మాదాపూర్‌లో నా పని కూడా ఇలా చెడినవాటిని దిద్దడమేరా. ఫోన్ తీగల మీద కంప్యూటర్లు పంపుకునే అంకెలు గరగరకు చెడిపోతాయి. అందుకే ముందే బీజగణితంతో కొన్ని అదనపు అంకెలు కట్టి జోడిస్తాం. వాటితో సరిచూసి, చెడినదాన్ని అవతలి ప్రోగ్రామే దిద్దుకుంటుంది. బడిలో నువ్వు ఏడ్చిన ఎక్స్, వై లెక్కలే!

మన పోస్టుకు మొద్దు పద్ధతి చాలు. ముఖ్యమైన సంగతైతే అదే మాట మూడు కార్డుల మీద రాసి రోజుకొకటి డబ్బాలో వెయ్యి. ఏ రెండు ఒకలా ఉంటే వాటినే నమ్ముతా. పాతికేళ్లు లైన్‌మన్‌గా ఆ గరగర విన్న నాయినకు ఇది చదివి వినిపించు, మురిసిపోతాడు. ఇరవై రెండున పెద్దసార్ల ముందు నా ప్రోగ్రామ్ నడిపి చూపాలి. జర దండం పెట్టుకో.

నీ అక్క,
నవనీత

హుస్నాబాద్, 17 జనవరి

అక్కా, నాయినకు ఊపిరాడుతలేదు. దవాఖానలో చేర్చాను. వెంటనే రా.
మహేశ్

18 జనవరి

అక్కా, నాయినకు బాగుంది. నీ పని చూసుకో, రాకు.
మహేశ్

19 జనవరి

అక్కా, నాయినకు బాగుంది. నీ పని చూసుకో, రాకు.
మహేశ్

హఫీజ్‌పేట్, 23 జనవరి

ప్రియమైన కంగారు తమ్ముడికి,

ప్రోగ్రామ్ నడిచిందిరా! ఒక్క అంకె తప్పుపోలేదు. నీ మొదటి కార్డు చూడగానే ఏడుస్తూ సంచి సర్దుకున్నాను. బస్సెక్కేలోపే తర్వాతి రెండూ వచ్చి ఒకే మాట చెప్పాయి. మొదటిది నీ భయమే అనుకుని నిశ్చింతగా ఆఫీసుకు పోయాను. ఇంటికి వచ్చాక నీ చెవి మెలిపెడతా. వచ్చే ఆదివారం బస్సెక్కుతున్నా, నాయినకు ఉస్మానియా బిస్కెట్లు తెస్తున్నానని చెప్పు.

నీ అక్క,
నవనీత

హఫీజ్‌పేట్, 8 ఫిబ్రవరి

మహేశ్,

టెలిగ్రాం అంది నేను వచ్చేసరికి కాష్టం ఆరిపోయింది. దినాలన్నీ అడిగినా నువ్వు నోరు విప్పలేదు. రెండు కార్డుల్లో అబద్ధం ఎందుకు రాశావు? నాయిన కడసారి చూపు నాకెందుకు లేకుండా చేశావు?

నవనీత

హుస్నాబాద్, 12 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది. మొదటి కార్డు నేనే రాసి వేశాను. అది తెలిసి నాయిన మంచంలోనే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఏందిరా గిట్ల జేసినవ్? బిడ్డ పని ఆగం గావాల్నా?" అన్నాడు. నీ ఉత్తరం మళ్లీ చదివించుకున్నాడు. ఊపిరందక ఆగి ఆగి, "రెండు ఒక్కతీరుంటె నమ్ముతదట గద. ఇంక రెండు కార్డులున్నయ్. నేను జెప్పినట్టు రాయి" అన్నాడు. వద్దని ఏడ్చాను. నా చెయ్యి తన తలమీద పెట్టించి ఒట్టేయించుకున్నాడు.

పోయేముందు నీ ప్రోగ్రామ్ నడిచిందా అని అడిగాడు. నీ ఉత్తరం ఇంకా అందలేదు. అయినా నడిచిందని చెప్పాను.

ఆ రెండు కార్డులూ నాయినవి. మొదటిదొక్కటే నాది. ఇది కూడా ఒక్కటే రాస్తున్నాను. ఈసారన్నా ఒక్కదాన్ని నమ్ము, అక్కా.

నీ తమ్ముడు,
మహేశ్